ఫిబ్రవరి 11: ఒకే తేదీ.. మూడు గొంతులు! బీటిల్స్, ఘంటసాల, విట్నీ హ్యూస్టన్.. ఆ రోజు ఏం జరిగిందంటే?

ఫిబ్రవరి 11.. పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఇది. 1963లో ఇదే రోజు లండన్‌లో నలుగురు కుర్రాళ్లు పొద్దున స్టూడియోలోకి వెళ్లి, రాత్రికల్లా పది పాటలు రికార్డ్ చేసి బయటికొచ్చారు. 1974లో ఇదే రోజు మన ఘంటసాల కన్నుమూశారు. 2012లో ఇదే రోజు అమెరికన్ సింగర్ విట్నీ హ్యూస్టన్ ఓ హోటల్ గదిలో ప్రాణాలు విడిచారు.

దేశాలు వేరు, భాషలు వేరు, కాలాలు వేరు. కానీ ఈ మూడింటిలోనూ కామన్‌గా కనిపించేది ఒకటుంది. పాడేవాళ్ల గొంతు కూడా ఒంట్లో భాగమే. అలసిపోతుంది, జబ్బు పడుతుంది, ఒకరోజు ఆగిపోతుంది. ఆ లోపు టేపు మీదకి ఎక్కిందే మనకు మిగులుతుంది. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1963: జలుబుతోనే రికార్డింగ్.. ఒక్క టేక్‌లో ఓకే!

అప్పటికి బీటిల్స్ ఇంకా ప్రపంచానికి తెలియదు. 'ప్లీజ్ ప్లీజ్ మీ' అనే సింగిల్ బ్రిటన్ చార్టుల్లో పైకి ఎగబాకుతోంది. ఆ ఊపు తగ్గకముందే ఫుల్ ఆల్బమ్ తేవాలని ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ ప్లాన్. కానీ కుర్రాళ్లేమో టూర్‌లో ఉన్నారు. మధ్యలో దొరికింది ఒక్క రోజే.

లండన్ అబే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో పొద్దున 10 గంటలకు పని మొదలైంది. మధ్యాహ్నం కొంత, రాత్రి కొంత.. మొత్తం మూడు సెషన్లు. ఆల్బమ్‌లో ఉన్నవి 14 పాటలు. వాటిలో నాలుగు ముందే సింగిల్స్‌గా వచ్చేశాయి. మిగతా పది పాటలూ ఆ ఒక్క రోజులోనే రికార్డ్ అయ్యాయి.

అసలు సమస్య ఏంటంటే.. జాన్ లెనన్‌కి ఆ రోజు బాగా జలుబు. జలుబు చేస్తే గొంతులోని స్వరతంత్రులు వాస్తాయి. వాచినవి సాఫీగా కదలవు, అందుకే గొంతు బొంగురుపోతుంది. అయినా లెనన్ గొంతు బిళ్లలు చప్పరిస్తూ, పాలు తాగుతూ రోజంతా పాడుతూనే ఉన్నాడు.

'ట్విస్ట్ అండ్ షౌట్' పాటను కావాలనే చివరికి ఉంచారు. అది గొంతు చించుకుని అరవాల్సిన పాట. ముందే పాడేస్తే ఆ తర్వాత మిగతా పాటలకు గొంతు మిగలదు. రాత్రి 10 దాటాక మైక్ ముందు నిలబడి లెనన్ ఒక్కసారే పాడాడు. రెండో టేక్ కూడా ట్రై చేశారు కానీ, అప్పటికే గొంతు పూర్తిగా పోయింది. దాంతో మొదటి టేకే ఆల్బమ్‌లోకి వెళ్లింది.

ఇప్పుడైతే లైన్ బాగా రాకపోతే ఆ ఒక్క లైనే మళ్లీ పాడి అతికించేస్తారు. అప్పుడు స్టూడియోలో రెండు ట్రాకుల టేపే ఉండేది. పాట, వాయిద్యాలు అన్నీ కలిపి ఒకేసారి లైవ్‌గా వాయించాలి. అందుకే ఆ పాటలో వినిపించే గరుకు నటన కాదు, నిజంగానే అరిగిపోయిన గొంతు. ఈ ఆల్బమ్ మార్చి 22న విడుదలై, బ్రిటన్ చార్టులో 30 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

1964: సరిగ్గా ఏడాదికి.. అమెరికాలో తొలి కచేరీ

కట్ చేస్తే, సరిగ్గా ఏడాది తర్వాత అదే ఫిబ్రవరి 11న ఇదే బృందం వాషింగ్టన్‌లో ఉంది. రెండు రోజుల ముందే 'ఎడ్ సలివన్ షో'లో వాళ్లను దాదాపు 7.3 కోట్ల మంది టీవీల్లో చూశారు. న్యూయార్క్ నుంచి విమానంలో రావాల్సినవాళ్లు మంచు తుపాను వల్ల రైల్లో వచ్చారు. వాషింగ్టన్ కొలీజియంలో జరిగిన ఆ కచేరీయే అమెరికాలో బీటిల్స్ తొలి కచేరీ.

బాక్సింగ్ రింగ్‌లా స్టేజ్ మధ్యలో ఉంది, జనం చుట్టూ నాలుగు వైపులా ఉన్నారు. అందుకే కొన్ని పాటలకోసారి నలుగురూ దిక్కు మార్చి నిలబడ్డారు. రింగో స్టార్ డ్రమ్స్‌ని చేతులతోనే తిప్పాల్సి వచ్చింది!

1974: మూగబోయిన తెలుగు గొంతు

ఆ రోజుల్లో మద్రాసులోనూ రికార్డింగ్ పద్ధతి దాదాపు అంతే. సింగర్, ఆర్కెస్ట్రా అందరూ ఒకేసారి పాడాలి, వాయించాలి. ఎవరో ఒకరు తప్పు చేస్తే మళ్లీ మొదటికే. అలాంటి కాలంలో ఎన్టీఆర్‌కీ, ఏఎన్నార్‌కీ గొంతుగా నిలిచినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు.

1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరంలో సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. పాడటమే కాదు, 'పాతాళభైరవి', 'మాయాబజార్' లాంటి సినిమాలకు సంగీతం కూడా అందించారు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

అయితే షుగర్ ఆయన్ని అప్పటికే ఇబ్బంది పెడుతోంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. కోలుకున్నాక ఆయన పట్టుకున్న పెద్ద పని భగవద్గీత. మొత్తం 700 శ్లోకాల్లోంచి నూటికి పైగా ఎంచుకుని, స్వరపరిచి, ఒక్కో శ్లోకం పాడాక తెలుగులో తాత్పర్యం చెప్పారు.

ఆ రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న చెన్నై ఆస్పత్రిలో కన్నుమూశారు. వయసు 51 ఏళ్లే. 2003లో ఇదే తేదీన తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

2012: గ్రామీకి ఒక్క రోజు ముందు..

ఇక విట్నీ హ్యూస్టన్. వరుసగా ఏడు పాటలను అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్ చేసిన సింగర్. 1992లో 'ది బాడీగార్డ్' సినిమా కోసం పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' 14 వారాలు టాప్‌లో ఉంది. నిజానికి అది డాలీ పార్టన్ రాసి, 1974లోనే విడుదల చేసిన పాట. విట్నీ వెర్షన్ మొదట్లో ఒక్క వాయిద్యం కూడా ఉండదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది.

ఆ గొంతునే డ్రగ్స్ దెబ్బతీశాయి. 2009లో వచ్చిన ఆల్బమ్ నంబర్ వన్ అయింది కానీ, మరుసటి ఏడాది టూర్‌లో పాత హై నోట్స్ అందలేదని విమర్శలు వచ్చాయి. 2012 ఫిబ్రవరి 11న, గ్రామీ అవార్డులకు ముందు రోజు, బెవర్లీ హిల్టన్ హోటల్‌లో బాత్‌టబ్‌లో విగతజీవిగా కనిపించారు. వయసు 48. ప్రమాదవశాత్తు నీళ్లలో మునిగిపోయారని, గుండె జబ్బు, కొకైన్ కూడా కారణమని అధికారులు తేల్చారు. మర్నాడు గ్రామీ వేదికపై జెన్నిఫర్ హడ్సన్ అదే పాట పాడి నివాళి అర్పించారు.

ఇంతకీ ఈ తేదీ ఏం చెబుతోంది?

జలుబు చేసిన లెనన్ గొంతు కొన్ని రోజులకు బాగైపోయి ఉంటుంది. మనం వింటున్నది మాత్రం ఆ రాత్రి బొంగురుపోయిన గొంతునే. విట్నీ చివరి టూర్‌లో అందని నోట్స్ ఆమె రికార్డుల్లో ఇప్పటికీ అలాగే పలుకుతున్నాయి. ఘంటసాల విషయంలో మాత్రం మనమో చిత్రమైన పని చేశాం. ఆయన గీతను గుళ్లో మైకుల్లో విన్నాం, ఆ తర్వాత చావు ఇళ్లకీ, అంతిమయాత్ర బండ్లకీ పరిమితం చేసేశాం. చాలా ఇళ్లలో మామూలు రోజుల్లో పెడితే 'ఇప్పుడెందుకది, ఆపెయ్' అంటారు.

కానీ అది చావు కోసం పాడిన పాట కాదు. గుండెనొప్పి వచ్చి ఆస్పత్రి నుంచి బయటపడిన మనిషి, పాడగలిగే ఓపిక ఉన్నప్పుడే పూర్తి చేయాలని కూర్చుని పాడింది. ఈ ఫిబ్రవరి 11న ఇంట్లో ఓసారి పెట్టి, తాత్పర్యంతో సహా వినండి. ఎవరూ పోనక్కర్లేదు!