కల్పితలోకములందలి వార్తాసాధనములును శ్రావ్యనియమమును

దశరూపకాది లక్షణగ్రంథములయందు నాట్యవస్తువు సర్వశ్రావ్యము, నియతశ్రావ్యము, అశ్రావ్యము అని మూఁడు విధములుగా విభజింపఁబడినది. రంగమందున్నవారెల్లరును వినఁదగినది ప్రకాశము. ఎవ్వరును వినరానిది స్వగతము. కొందఱు మాత్రమే వినఁదగినది జనాంతికము, అపవారితము అని రెండు తెఱఁగులు. ఇవిగాక, యెదుట నెవ్వరును లేకయే విన్నట్లు నటించి, "ఏమనుచున్నావు?" అని తానే యడిగి తానే బదులు చెప్పుట ఆకాశభాషితము. పాఠశాలలయందు బాలు రీ నిర్వచనములను వల్లెవేసి పరీక్షతోడనే మఱచుచున్నారు. ఇది మృతశాస్త్రము కాదనుటకు సాక్ష్యము పండితులు సాధారణముగా వెదకని తావునఁ గలదు. పాశ్చాత్యుల వైజ్ఞానికకల్పనలతోఁ గూడిన పాత్రధారణక్రీడలే యా తావు.

పాత్రధారణక్రీడ యనఁగా నలుగురైదుగురు బల్లచుట్టుఁ గూర్చుండి, యొక్కొక్కరొక్కొక్క పాత్రను వహించి, ముందుగా వ్రాసిన నాటకము లేకయే సంభాషణముచేతఁ గథను నడపు వినోదము. వారిలో నొకఁడు సూత్రధారుఁడు. లోకస్థితిని వర్ణించువాఁడును, తక్కినవారి చేష్టలకు ఫలమును నిర్ణయించువాఁడును అతఁడే. సందేహస్థలములందుఁ బాచికలు తీర్పు చెప్పును. అమెరికాదేశమున గేరీ గైగాక్సు, డేవ్ ఆర్నెసనులు రచింపఁగా 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తెగకు మొదటిది. అందలిది మంత్రతంత్రముల లోకము. భవిష్యల్లోకములను గూర్చిన క్రీడలు దానిని వెన్నంటి వచ్చినవి.

ఐరాల మొదలగు మండలములు గల చిత్తూరుజిల్లావారి కీ క్రీడ పూర్తిగా వింత గాదు. ఆ సీమలో ద్రౌపదీధర్మరాజుల గుళ్లయొద్ద జరుగు భారతోత్సవములలోఁ బగలు హరికథయు, రాత్రి వీథినాటకమును సాగును. అర్జునవేషధారి తపస్సునకై నిలువెత్తు మ్రానెక్కును. కడపటఁ బెద్ద మట్టిబొమ్మయొద్ద దుర్యోధనవధ జరుగును. ఊరివారే భక్తులు, ఊరివారే ప్రేక్షకులు. భేద మొక్కటి: వీథినాటకమునఁ గథ యెల్లరకుఁ దెలిసినదే, పాత్రధారణక్రీడలో ముగింపు సూత్రధారునకును దెలియదు. కావున నే పాత్ర యే వార్తను ఎప్పుడు వినెననుట యచటఁ గథకుఁ బ్రాణము. వీథినాటకములో హాస్యగాఁడు రాజుతోను బ్రేక్షకులతోను ఒక్కమాటు మాటలాడి యీ నియమమును దాఁటఁగలఁడు. క్రీడలో నట్టి చనువు సూత్రధారునకు మాత్రమే.

ఈ విషయమున మిక్కిలి పరిశీలింపఁదగినది ట్రావెలర్ అను క్రీడ. మార్క్ మిల్లరు రచించిన యది 1977లో వెలువడినది. అందలి సామ్రాజ్యము నక్షత్రముల నడుమ వ్యాపించినది. అయినను నక్షత్రమునుండి నక్షత్రమునకు వార్తను గొనిపోవుటకు నౌక తప్ప వేఱు సాధనము లేదు. తంతి లేదు, రేడియో చాలదు. ఒక దాఁటునకు రమారమి వారము దినములు పట్టును. ఆ దాఁటు ఒక పార్సెకైనను ఆఱు పార్సెకులైనను కాలమంతియే. పార్సెకనఁగా వెలుఁగు మూఁడేండ్లకుఁ బైఁగాఁ బయనించు దూరము. టపానౌకలు ఒకచోటఁ జేరఁగనే వేఱొక నౌక సంచులతో బయలుదేఱును. గుఱ్ఱములను మార్చుచుఁ బోయిన పూర్వపు టపావారి పద్ధతియే యిది. రాజధానిలో సంభవించినది పొలిమేరవారికి నెన్నో నెలలకుఁగాని తెలియదు.

గ్రంథకర్త యంతటి భవిష్యత్తును గల్పించి యింతటి మందగమనము నేల విధించెను? కౌటిల్యుఁడు దూతలను మువ్వురినిఁ జెప్పెను. కార్యభారము సర్వమును వహించి తానే నిశ్చయింపఁగలవాఁడు నిసృష్టార్థుఁడు. చెప్పిన మేరకు నడచువాఁడు పరిమితార్థుఁడు. కేవలము లేఖను మోయువాఁడు శాసనహరుఁడు. కౌరవసభకు రాయబార మేఁగిన శ్రీకృష్ణుఁడు మొదటి తెగవాఁడు. వార్త మెల్లఁగా నడచు లోకమునఁ బ్రతియధికారియు, ప్రతినావికుఁడును విధిలేక నిసృష్టార్థుఁడగును. అడుగుట కెవ్వరును లేరు, తప్పొప్పులు తనవే. క్రీడలోఁ బాత్ర వహించువానికిఁ గావలసినది ఈ స్వాతంత్ర్యమే. అరచేతిలోఁ దూరవాణి గల లోకమున నందఱును శాసనహరులే యగుదురు. హస్తినకుఁ బోయిన కృష్ణుఁడు ప్రతిమాటకును ధర్మరాజు నడుగఁగలిగినచో రాయబారఘట్టమున కొక్క పద్యమును మిగులదు.

దీనికి విరుద్ధమైన త్రోవ మఱి రెండు క్రీడలది. మైక్ పాండ్‌స్మిత్తు రచించిన సైబర్‌పంక్ 1988లో వెలువడి 2013వ సంవత్సరమును భవిష్యత్తుగాఁ జిత్రించినది. 1989 నాఁటి షాడోరన్ 2050వ సంవత్సరపుఁ గథ. రెండింటను యంత్రముల వల యొక నగరము వంటిది. అందుఁ బ్రవేశింపఁగోరువాఁడు తన మెదడునకుఁ దీఁగ తగిలించుకొనవలెను. ఇచట శ్రావ్యనియమము చిక్కులఁ బెట్టినది. వలలోఁ జొచ్చినవాఁడు సూత్రధారునితో దీర్ఘముగా సంభాషించుచుండఁగాఁ దక్కినవారు చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చెను. జనాంతికము క్షణకాలముండిన రుచించును. గంటసేపైన సభ చెదరును.

ఇంతలో లోకమే కల్పనను మించినది. మార్టిన్ కూపరు చేతిలోఁ బట్టుకొనదగిన ఫోనుతో న్యూయార్కు వీథిని నిలిచి మాటలాడినది 1973లో. భారతదేశమున మొదటి సెల్లుఫోను సంభాషణము 1995 జూలై 31న కలకత్తాకును ఢిల్లీకిని నడుమ జరిగెను. పల్లెకాఁపు జేబులో తీఁగలేని ఫోనుండఁగా, 2050వ సంవత్సరపు వీరుఁడు గోడలో తీఁగ నమర్చుకొనుట నవ్వుపాటయ్యెను. అందువలన 2005 నాఁటి నాల్గవకూర్పులో షాడోరన్ కర్తలు కథాకాలమును 2070కి జరిపి, పాతవల యొక యుత్పాతమునఁ గూలెనని కల్పించి, తీఁగలేని వలను, కామ్‌లింక్ అను చేతిపనిముట్టును దెచ్చిరి. జాబు, సొమ్ము, గుర్తింపుపత్రము అన్నియు నందే. వలలోఁ జొచ్చువాఁడు తక్కినవారితోఁ గలసి నడువసాగెను. జనాంతికము ప్రకాశములోఁ గలసినది. సైబర్‌పంక్ భవిష్యత్తుగా నెంచిన 2013లోనే భారతదేశమునఁ దంతిసేవ నిలిచిపోవుట కాకతాళీయమైనను గమనింపఁదగినది.

తెలుఁగువారి కల్పన యీ మార్గమున వెనుకఁబడినది కాదు. భారతమున సంజయుఁడు దూరపు యుద్ధమునుఁ జూచి చెప్పుట యుండనే యున్నది. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వెలువడిన మాయాబజార్ చలనచిత్రమునందలి ప్రియదర్శిని పెట్టెయో, యచ్చముగా వ్యక్తిగతసాధనము. తెఱచి చూచినవారి కెవరిపైఁ బ్రీతియో వారే కనఁబడుదురు: శశిరేఖ కభిమన్యుఁడు, బలరామునకు దుర్యోధనుఁడు. ప్రియమును దర్శింపఁజేయునది కావునఁ బ్రేరణార్థమున సాధువగు నుపపదసమాసము. అశోకుని బిరుదమగు ప్రియదర్శి శబ్దమున నీ ప్రేరణార్థము లేదు. ఈ పెట్టెలోని నియమము ఫోనునకంటెఁ గఠినము. ఫోను పరుల మాటను దెచ్చును. ఇది తెఱచినవాని హృదయమును బయటఁబెట్టును. స్వగతమును బ్రకాశముగా మార్చు యంత్ర మిదియని చెప్పవచ్చును. పాత్రలచేత నొక్కొక్కరిగా దానిఁ దెఱపించుటలోఁ గథకుల నేర్పంతయుఁ గలదు.

పేర్ల విషయమున నొకమాట. దూరవాణియందుఁ బంచమీసమాసము కుదురదు, దానికిఁ జెప్పిన సూత్రముల పరిధి సంకుచితము, షష్ఠీసమాసమే శరణ్యము. చరవాణి బహువ్రీహి యనుకొన్నచో, వాణీశబ్ద మీకారాంతము గావునఁ గప్ప్రత్యయము వచ్చి చరవాణీక మనవలసియుండును. కర్మధారయ మన్నచోఁ బుంవద్భావముచే రూపము సిద్ధించును, యంత్రమునం దర్థము లక్షణచే వచ్చును. ఆకాశవాణి 1935లో మైసూరు రేడియోకుఁ బేరై, పిదప దేశమంతటి రేడియోకు నిలిచినది. కావ్యములందు శరీరము లేని పలుకున కున్న పేరు యంత్రమున కింత చక్కఁగా నమరుట యరుదు. సంతలో మాత్రము సెల్లు, ఫోను అనియే వాడుక. దానిఁ దిరస్కరించుటవలన వ్యాకరణమునకుఁ గలుగు లాభము లేదు.

నేఁటి నాటకకర్తలు ఫోనుపట్టిన పాత్రను రంగమునఁ బెట్టి, యవతలివాని కంఠమును దెరవెనుకనుండి వినిపించుచున్నారు. అది యనావశ్యకము. భాణమునందలి విటుఁడు "ఏమనుచున్నావు? రేపు రానందువా?" అని తానొక్కఁడే వీథియంతయు జనముతో నింపినట్లు, ఫోను పట్టినవాఁడును నింపఁగలఁడు. అవతలిమాట వినఁబడనపుడే ప్రేక్షకుఁ డతని ముఖమును జూచును. ఆకాశభాషితమును బోధించు పండితుఁడు బాలునిచేతికి నుత్తఫోను నిచ్చి, యవతలివాఁ డేమి చెప్పెనో తక్కిన బాలురచే నూహింపించినచో, నిర్వచనమును వేఱుగా వల్లెవేయింప నక్కఱ యుండదు.