రాజీనామాకు ముందే వైద్యపత్రం
క్యాన్సర్ చికిత్స అనంతరం కొలువు వీడే కార్మికులు తెలుసుకోవలసిన అంశాలు

విశాఖపట్నం: క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయినా మునుపటి మాదిరి షిఫ్టుల్లో పనిచేసే సత్తువ అందరికీ తిరిగి రాదు. గాజువాక, మల్కాపురం ప్రాంతాల పరిశ్రమల్లో శరీరశ్రమపై ఆధారపడిన కార్మికులకు ఇది మరింత కష్టం. నీరసంతో విసిగి తొందరపాటుగా రాజీనామా సమర్పిస్తే, చట్టం కల్పించిన ప్రయోజనాలు కొన్ని చేజారే ప్రమాదముంది. స్వచ్ఛందంగా మానుకోవడం వేరు, అనారోగ్యం వల్ల పనికి అశక్తులు కావడం వేరు. ఈ తేడాను ధ్రువీకరించే వైద్యపత్రమే అన్నిటికీ ఆధారం.

సెలవు కాలంలో...
ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికులకు సాధారణ అనారోగ్య భృతి ఏడాదికి 91 రోజుల వరకే లభిస్తుంది. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు మాత్రం వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల వరకు పొడిగించిన భృతి ఉంది. రెండేళ్ల సర్వీసు, ఆ కాలంలో 156 రోజుల చందా ఇందుకు అవసరం. కనుక ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు చేసుకోవడం శ్రేయస్కరం. తేలికపాటి విధులు కేటాయించాలని యాజమాన్యాన్ని లిఖితపూర్వకంగా కోరడమూ మంచిదే.

గ్రాట్యుటీకి అయిదేళ్లు అక్కర్లేదు
సాధారణంగా పర్మినెంటు కార్మికునికి గ్రాట్యుటీ దక్కాలంటే అయిదేళ్ల సర్వీసు ఉండాలి. వ్యాధి వల్ల అశక్తత ఏర్పడితే ఈ నిబంధన వర్తించదు. 1972 నాటి చట్టంలోని ఈ వెసులుబాటు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ కొనసాగింది. ఉదాహరణకు నాలుగేళ్ల సర్వీసు, గ్రాట్యుటీకి లెక్కించే చివరి నెల వేతనం రూ.18,000 ఉన్న వ్యక్తికి సుమారు రూ.41,500 రావాలి. అదే వ్యక్తి కారణం చూపకుండా రాజీనామా చేస్తే ఆ సొమ్ముపై హక్కు కోల్పోవచ్చు.

భవిష్యనిధి, పింఛను
శాశ్వతంగా, పూర్తిగా పనికి అశక్తులైనట్లు ధ్రువీకరణ ఉంటే భవిష్యనిధిని మొత్తంగా తీసుకోవచ్చు. అనారోగ్యం వల్ల ఉద్యోగం ముగిస్తే, అయిదేళ్లు నిండకపోయినా ఆ సొమ్ముపై ఆదాయపు పన్ను ఉండదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో సాధారణ పింఛనుకు పదేళ్ల సర్వీసు తప్పనిసరి. ఉద్యోగ కాలంలోనే పూర్తి శాశ్వత అశక్తత ఏర్పడినవారికి ఒక్క నెల చందా జమైనా వికలాంగ పింఛనుకు అర్హత ఉంటుంది. ఇందుకు వైద్య పరీక్షకు హాజరు కావాలి. పదేళ్లు నిండలేదని పింఛను నిధిని ఒకేసారి తీసుకునే ముందు ఈ అవకాశాన్ని పరిశీలించాలి.

వైద్య ఖర్చులు
చికిత్స ముగిసినా పరీక్షలు ఏళ్ల తరబడి కొనసాగుతాయి. ఉద్యోగం మానిన కొంతకాలానికి ఇ.ఎస్.ఐ. వైద్యం నిలిచిపోతుంది. కంపెనీ బృంద బీమా ఉన్నవారు దానిని వ్యక్తిగత పాలసీగా మార్చే వీలుందేమో కొలువులో ఉండగానే విచారించాలి. అర్హత గల పేద కుటుంబాలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్యసేవ పేరిట అమలవుతున్న పథకం ఆసరాగా ఉంటుంది. చికిత్సకు, తిరిగి పరీక్షలకు రైలులో వెళ్లే రోగికి, తోడు వెళ్లే ఒకరికి ఆసుపత్రి ధ్రువపత్రంపై చార్జీల్లో రాయితీ ఉంది.

సిద్ధం చేసుకోవలసినవి
డిశ్చార్జి పత్రాలు, బయాప్సీ నివేదిక, వైద్యుని అశక్తతా ధ్రువపత్రం, వేతన చీటీలు ఒకే ఫైలులో భద్రపరచాలి. భవిష్యనిధి, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు, ఆధార్ వివరాలు సరిచూసుకోవాలి. ఇంటి రుణానికి బీమా జతై ఉందేమో విచారించాలి. ఈ పనులన్నీ పూర్తయ్యాకే, అనారోగ్య కారణాన్ని స్పష్టంగా పేర్కొంటూ లేఖ సమర్పించి, అందినట్లు రసీదు తీసుకోవాలి.