మన పెరటిలోని అడవి ప్రాణులు

అడవి మృగములను చూడవలయునన్న మన్యమునకో నల్లమలకో పోవలయునని మనలో పెక్కురు తలంతురు. రాజోలు ప్రాంతమువారికి ఈ తలంపు మరింత సహజము. ఇచ్చట కొండ లేదు, గుట్ట లేదు, కారడవి లేదు. ఒకవైపు వసిష్ఠ, మరొకవైపు వైనతేయ, దక్షిణమున సముద్రము. నడుమ నున్నదెల్ల కొబ్బరితోట, వరిచేను, కాలువ, చెరువు, ఇల్లు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, గన్నవరమువద్ద వైనతేయమీదుగా కట్టిన అక్విడక్టుద్వారా కాలువనీరు ఈ సీమకు చేరినప్పటినుండి సాగుకాని నేల ఇచ్చట క్రమముగా తగ్గిపోయినది.

అయినను అడవి ప్రాణులు మనలను విడిచిపోలేదు. పగలు మనము తిరుగు త్రోవలనే రాత్రి అవి తిరుగుచున్నవి. మనము వానిని చూడకున్నను, అవి మనలను చూచుచునే యుండును. పెరటిలో ఏ జంతువున్నదో తెలిసికొనుట కేవలము వినోదము కాదు. తెలియక భయపడి కర్రయెత్తువాడు ఒక్కొక్కప్పుడు తనకు మేలుచేయు జీవమును చంపును. మరియొకప్పుడు నిజముగా ప్రమాదమైన దానిని లక్ష్యపెట్టక తన ప్రాణమునే పోగొట్టుకొనును. ఈ రెండును మన గ్రామములలో జరుగుచున్నవి. కావున వానిని గుర్తించు విధమును గూర్చి నేను చూచినదియు తెలిసికొన్నదియు శ్రోతలకు మనవి చేసెదను.

మొదట చూడవలసినవి అడుగుజాడలు. తెల్లవారుజామున ఆడవారు వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుదురు. ఆ చీపురు పడకముందే ఒక్కమారు వాకిలిని, పెరటిని పరికింపుడు. రాత్రి నడచిపోయిన జీవముల చిట్ఠా అక్కడ వ్రాసియుండును. నేల గట్టిదైనయెడల బావిచెంతనో, కొబ్బరి పాదులోనో రెండు మూరల మేర మెత్తని మట్టినిగాని పొయ్యి బూడిదనుగాని పలుచగా పరచి, సాయంకాలము అరచేతితో సాపుచేసి విడిచిన చాలును. నేను ఏండ్ల తరబడి ఇట్లే చేయుచున్నాను. కానీ ఖర్చు లేదు.

కుక్క అడుగులో నాలుగు వ్రేళ్ళును, వానిముందు గోళ్ళ గుర్తులును కనబడును. నక్క అడుగును అట్టిదే, గాని సన్నగా కోలగా నుండును. పైగా ఊరకుక్క అటునిటు వాసన చూచుచు వంకరటింకరగా పోవును. నక్క త్రాడు పట్టినట్లు తిన్నగా సాగిపోవును. పిల్లిజాతి జంతువులు గోళ్ళను ముడుచుకొని నడచును గనుక అడుగు గుండ్రముగా పడును, గోళ్ళు సామాన్యముగా కనబడవు. ముంగిసకును మానుపిల్లికిని ఐదేసి వ్రేళ్ళు. ఉడుము నడచినచోట ఇరుప్రక్కల కాళ్ళ గుర్తులును, నడుమ తోక యీడ్చిన గీతయు నుండును. ఆ నడిమి గీతను మాత్రము చూచి పాము పోయినదని గోలపెట్టి, రోజంతయు గడ్డివాము విప్పించినవారిని నేనెరుగుదును.

అడుగులు దొరకనప్పుడు తిన్న తిండి చెప్పును. ఇప్పుడు మన కొబ్బరితోటలలో కోకో అంతరపంటగా వేయుచున్నారు. కోకో కాయకు తొడిమ దగ్గర రంధ్రమున్నయెడల అది ఎలుక పని. కాయ నడుమ కొరికి గింజలు తీసినయెడల ఉడుత పని. లేత కొబ్బరికాయ ముచ్చికచెంత గుండ్రని కన్నముతో రాలిపడిన, అదియు ఎలుకయే. ఈ ఎలుక చెట్టు తలలోనే కాపురముండి, మట్టలమీదుగా ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు దాటుచు, నేలకు దిగకయే బ్రతుకగలదు. కావున చెట్టు మొదట బోనుపెట్టి ఎలుక పడలేదని విసుగుకొనుట వ్యర్థము.

మానుపిల్లిని చూడకపోయినను దాని చప్పుడు విననివారు అరుదు. అర్ధరాత్రి పెంకుటింటి కప్పుమీదనో అటకమీదనో దడదడమని పరుగెత్తిన చప్పుడు విని దొంగలనియు దయ్యమనియు భయపడుదురు. ఉదయమున పిట్టగోడమీద ఈతగింజలు, బొప్పాయి గింజలు నిండిన మలము కనబడిన, వచ్చినది మానుపిల్లి యని నిశ్చయింపవచ్చును. నల్లబూడిద వన్నె శరీరము, ఇంచుమించు శరీరమంత తోక దీని గుర్తులు. తాటిచెట్టున కట్టిన కల్లుముంతలలో మూతి పెట్టు అలవాటు దీనికి గలదు. అందుచేత ఆంగ్లేయులు దీనిని కల్లుపిల్లి యని పిలిచిరి. పునుగుపిల్లి వేరు. అది చెట్లకంటె నేలమీదనే యెక్కువగా తిరుగును, దాని ఒడలిమీద మచ్చలు బారులు తీరియుండును, తోకకు నలుపుతెలుపు కట్లుండును. తిరుమల స్వామివారి శుక్రవారపు సేవలో వాడు పునుగు తైలము ఈ జంతువునుండి వచ్చునదే. శుక్రవారము భక్తితో స్మరించు దానినే శనివారము కోళ్ళగూటివద్ద కర్రతో కొట్టుట మనవారికే చెల్లినది.

గుడ్లగూబ కూయుట అశుభమని మన పెద్దలనుండి వచ్చిన నమ్మకము. దానిని నేను వాదించి తొలగింపజాలను. తెల్లని ముఖముగల గూబ ఒకటి మీ గుడి గోపురమునందో పాత మేడయందో నివసించుచున్నయెడల, దాని క్రింద నేలపై బొటనవ్రేలంత బూడిదవన్నె ఉండలు పడియుండును. అది రెట్ట కాదు. గూబ తిన్నదానిలో జీర్ణముకాని వెండ్రుకలను, ఎముకలను ఉండగా చుట్టి నోటినుండి వెలికి విడుచును. ఒక ఉండను నీటిలో నానవేసి పుల్లతో విప్పి చూడుడు. ఎలుకల పుఱ్ఱెలు, పళ్ళు స్పష్టముగా బయటపడును. వానిని లెక్కించినపిదప మీ ధాన్యపు గాదె తలచుకొని, గూబ శుభమో అశుభమో మీరే నిర్ణయించుకొనుడు.

ఎలుకయున్నచోటికి పాము వచ్చును. ఇచ్చట కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సుమారు 58 వేలమంది మరణించిరని పరిశోధకులు లెక్కకట్టిరి. వారిలో అధికభాగము పల్లెలవారు. మరణములలో సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు, అనగా మన తొలకరినుండి గోదావరి వరదల వరకుగల నెలలలోనే సంభవించినవి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వరద వచ్చి లంకలు మునిగినప్పుడు కన్నములలోని పాములు మిట్టకు, అనగా మన ఇండ్ల అరుగులకును, గడ్డివాములకును, కొబ్బరి డొక్కల కుప్పలకును చేరినవి. అవి మనమీద పగబట్టి రాలేదు. మనవలెనే నీటికి వెరచి వచ్చినవి.

మన పెరళ్ళలో తరచుగా చచ్చునది జెర్రిపోతు. ఇది విషము లేని పాము, రైతునకు ఎలుకలు పట్టిపెట్టు కూలిలేని పాలేరు. పొడవుగానుండి వడిగా పోవును, కన్నులు పెద్దవి, పడగ లేదు. ఇది నాగుపాములకు మగడనియు, ఆవు కాళ్ళకు చుట్టుకొని పాలు త్రాగుననియు చెప్పుకొందురు. రెండును నిజము కావు. పాము నోటికి చన్ను చీకు నేర్పు లేదు. రెండు పాములు పెనవేసికొని పైకి లేచి ఆడుట చూచి నాగు, జెర్రి కలిసినవని గుడ్డలు కప్పుదురు గదా, అది సాధారణముగా రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. కాలువలో ఈదు నీరుకట్టు పామును కోపిష్టియే గాని ప్రాణాపాయము చేయదు. మందారపు కొమ్మలపై ప్రాకు పచ్చని పసిరికపాము కన్ను పొడుచునని పిల్లలను భయపెట్టుదురు. దాని తిండి బల్లులు, తొండలు, చిన్నపిట్టలు.

భయపడవలసినవి వేరు. నాగుపాము పడగ విప్పి తన్ను తాను తెలుపుకొనును. రక్తపింజర మందముగా నుండి, వెన్నుమీద గొలుసు కట్టినట్లు కోలమచ్చలు మూడు బారులు గలిగి, కుక్కరు ఈల వంటి బుసకొట్టును. వరికోతలలో జాగ్రత్తపడవలసినది దీనికే. వీనికంటె మోసకారి కట్లపాము. నిగనిగలాడు నలుపు, దానిపై సన్నని తెల్లని కట్లు, తరచుగా జంటజంటలుగా నుండును. తలదగ్గర ఈ కట్లు అస్పష్టముగా నుండి తోకవైపు తేటపడును. గోడలెక్కి బల్లులను తిను గోధుమవన్నె చిన్నపాము ఒకటి గలదు. దానికిని కట్లుండును, గాని అవి మెడవద్దనే తేటగానుండి తోకవైపు మాసిపోవును, దానికి విషము లేదు. దూరమునుండి చూచినప్పుడే ఈ భేదము పనికివచ్చును. చేతబట్టి సరిచూచుకొనువాడు అవివేకి.

కట్లపాము పగలు మందముగా పడియుండి, రాత్రి నేలపై పండుకొన్నవారిని కరచును. కాటు చీమ కుట్టినట్లుండును, వాపు రాదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మింగుడుపడకపోవుట కనబడిన, తిన్నది అరుగలేదని వాము నమలి కూర్చుండక వెంటనే కట్లపామును శంకింపవలయును. కరచిన భాగమును కదపక, కోయక, బిగించి కట్టక, నోట పీల్చక, రాజోలు అమలాపురము వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవలయును. మంత్రగాని ఇంటికి పోయివచ్చు నడుమనే ప్రాణము పోవును. మన దేశమున వాడు విషవిరుగుడు సూదిమందు నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని ఒక్కటియే గనుక పామును చంపి వైద్యునకు చూపవలసిన పనియు లేదు. నేలపడక మాని, మంచముమీద దోమతెరను పరుపు క్రిందికి దోపి పండుకొన్నవారికి కట్లపాము భయము చాలవరకు తీరును.

ఇక బావురుపిల్లి. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరము శివారులలో చిరుతపులి తిరుగుచున్నదనియు, పిమ్మట కడియపు నర్సరీలలో కనబడెననియు వార్త వచ్చినప్పుడు మన ప్రాంతమునను గగ్గోలు పుట్టినది. అట్టి దినములలో మచ్చలున్న ప్రతి జీవమును చిరుతయే. కాలువగట్టు తుంగలోనుండి లేచిన బావురుపిల్లిని చూచి చిరుతపిల్ల యని కేకలువేయుట, బల్లెములతో వెంబడించుట ఇట్టి భయముననే జరుగును. భేదము ఇంతే. చిరుత ఒంటిమీది మచ్చలు నడుమ బోలుగా పువ్వులవలె నుండును. బావురుపిల్లివి నిండు నల్లచుక్కలు, బూడిదాకుపచ్చ వన్నె ఒడలిమీద పొడవున బారులు తీరియుండును. చిరుత తోక చాల పొడవు. దీనిది పొట్టిది, శరీరములో సగముకూడ నుండదు. కాళ్ళు కురుచవి, బలమైనవి. పెద్ద మగదియు 16 కిలోలకు మించుట అరుదు. బురదలో దీని అడుగు రెండంగుళములకు అటునిటుగా నుండును, పెద్ద చిరుత అడుగు మూడంగుళములు, అంతకు మించి. దీని గోళ్ళు పూర్తిగా లోనికి ముడుగవు గనుక మెత్తని బురదలో పిల్లి అడుగువంటి అడుగునకు గోళ్ళ మొనలు కనబడిన బావురుపిల్లిని తలచుకొనుడు.

పిల్లులు నీటికి వెరచునని సామెతగా చెప్పుదుము. ఇది మాత్రము నీటి ఒడ్డున కాచి కూర్చుండి, చేతితో నీటిని తట్టి చేపను రప్పించి పట్టును, అవసరమైన తల ముంచి దూకును. వ్రేళ్ళ నడుమ కొంతమేర పొర గలదు. దీని తిండి చేప, పీత, ఎలుక. కాకినాడవద్ద 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యపు మడ అడవులలో ఇది కలదు. సఖినేటిపల్లి, మలికిపురము వైపు వరిచేలు రొయ్యల చెరువులైన తరువాత తుంగయు, మడయు తగ్గి, దీనికి మన చెరువుగట్టులే గతియైనవి. పశ్చిమ బెంగాలు దీనిని తమ రాష్ట్ర మృగముగా నెన్నుకొన్నది. మనవారిలో దాని పేరెరిగినవారే తక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో బావురుపిల్లియు ఉడుమును చేరియున్నవి. చంపినవారికి 3 నుండి 7 ఏండ్లవరకు జైలు గలదు. ఉడుము మాంసము నడుమునొప్పికి మందని తినువారు ఈ మాటను గమనింతురు గాక.

రాత్రివేళ చూడగోరినయెడల టార్చిలైటును కంటిచెంత నానించి పట్టి, నేలమట్టముగా వెలుగును త్రిప్పవలయును. పిల్లిజాతివాని కన్నులు ఆ వెలుగునకు మెరసి రెండు దీపములవలె కనబడును. అది నిలిచి చూచినంతసేపు మీరును నిలిచి చూడుడు, త్రోవకడ్డము పోకుడు.

వరికోతలందు, తుంగ కోయుటయందు బావురుపిల్లి కూనలు దొరకుట గలదు. సామాన్యముగా రెండో మూడో యుండును. కూనలను చూచినవెంటనే ఇంటికి తెచ్చి పాలుపోసి ఫోటోలు తీయుదురు, అవి కొలది దినములలో చచ్చును. తల్లి వానిని విడిచిపోలేదు. మనుష్యుల సందడి తగ్గువరకు సమీపమున దాగియుండును. ఆ కొంచెము చోట కోత ఆపి, కుక్కలను కట్టివేసి, కూనలను ఉన్నచోటనే విడిచి దూరముగా పొండు. తల్లి చాలవరకు ఆ రాత్రియే వచ్చి వానిని మెడపట్టి ఎత్తుకొనిపోవును. తెల్లవారి చూచిన అక్కడ కూనలుండవు, బురదలో రెండంగుళముల అడుగులు మాత్రము కాలువవైపు పోయియుండును. అట్లుగాక కూనలు అక్కడనే యున్నయెడల అటవీశాఖ వారికి కబురుచేయవలయును.