టమాటాల పోషక విలువలపై శిలీంధ్రనాశకాల ప్రభావం

శిలీంధ్రనాశకాలు అనగా పంటలకు తెగుళ్ళు కలిగించే శిలీంధ్రాలను చంపుటకు గానీ, వాటి ఎదుగుదలను అడ్డుకొనుటకు గానీ వాడే పదార్థాలు. టమాటా (రామములగ) తోటలలో వీటి వాడకం అధికం. ఈ మందులు చల్లిన తోటలో పండిన కాయలలో విటమిన్లు, వర్ణకాలు, చక్కెరలు, ఆమ్లాలు ఏ విధంగా మారుతాయనేది ఈ వ్యాస విషయం. కాయపై మిగిలిపోయే మందు అవశేషం గురించిన ప్రశ్నను చాలామంది దీనితో కలిపివేస్తుంటారు. నిజానికి ఈ రెండూ వేరు. అవశేషం చట్టం అనుమతించిన పరిమితికి లోబడి ఉన్న కాయలో పోషకాలు తక్కువగా ఉండవచ్చు. పోషకాలు నిండుగా ఉన్న కాయపై అవశేషం మితిమీరి ఉండవచ్చు.

టమాటాలోని పోషకాలు

టమాటా కాయలో సుమారు 94 శాతం నీరే. 100 గ్రాముల పండులో దాదాపు 14 మిల్లీగ్రాముల విటమిన్ సి, 230 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, రెండున్నర మిల్లీగ్రాముల వరకు లైకోపీన్ ఉంటాయి. పండుకు ఎర్రదనాన్ని ఇచ్చేది లైకోపీన్ అనే కెరోటినాయిడ్ వర్ణకమే. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చక్కెరలు తీపిని, సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు పులుపును ఇస్తాయి. క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తొక్కలోనే ఉంటాయి. రకము, పక్వత, ఎండ, నీటి తడులు, ఎరువులు మారితే ఈ అంకెలన్నీ మారుతాయి కనుక మందు ఒక్కదాని ప్రభావాన్ని విడదీసి చూపడం కష్టసాధ్యం.

తెగుళ్ళు, మందులు

నారుమడిలో నారుకుళ్ళు, తోటలో ఆకుమాడు తెగులు (ఆల్టర్నేరియా), సెప్టోరియా ఆకుమచ్చ, బూడిద తెగులు, వడలు తెగులు టమాటాను బాధించే ముఖ్యమైన తెగుళ్ళు. చల్లని తేమ వాతావరణంలో ఫైటాఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ వలన వచ్చే తెగులు తోటను కొద్ది రోజులలోనే మాడ్చివేస్తుంది. శాస్త్రరీత్యా ఇది నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ అనే వేరొక వర్గానికి చెందినది. అందుచేతనే కార్బెండజిమ్ దీనిపై పనిచేయదు. తెగులును గుర్తించక అదే మందును మరల మరల చల్లడం వలన ఖర్చు, అవశేషం పెరుగుతాయే గానీ పంట దక్కదు.

మందులలో కొన్ని ఆకుపైననే ఉండి రక్షణనిచ్చే స్పర్శ మందులు: బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్, క్లోరోథలోనిల్. కార్బెండజిమ్, మెటలాక్సిల్, టెబుకొనజోల్, అజాక్సీస్ట్రోబిన్ వంటివి మొక్క కణజాలంలోనికి ప్రవేశించే అంతర్వాహిక మందులు. వీటిలో బోర్డో మిశ్రమం అతి పురాతనమైనది. మైలుతుత్తం, సున్నం నీటిలో కలిపి చేసే ఈ మిశ్రమాన్ని 1885లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల అనుభవం ఆధారంగా మిలార్డే లోకానికి వెల్లడించాడు.

ఆకు ద్వారా కలిగే ప్రభావం

శిలీంధ్రనాశకాల వలన కాయ నాణ్యతకు కలిగే అతి ముఖ్యమైన ప్రభావం కాయ మీద కాక ఆకు మీద మొదలవుతుంది. కాయలోని చక్కెరలో అధికభాగం ఆకులలో తయారై కాయకు చేరినదే. విటమిన్ సి తయారీకి మూలపదార్థం కూడా చక్కెరయే. ఆకుమాడు తెగులు సోకిన మొక్క క్రిందినుండి పైకి ఆకులు రాల్చివేస్తుంది. అప్పుడు కాయలకు అందవలసిన చక్కెర తగ్గి, రసంలో కరిగి ఉండే ఘనపదార్థాల శాతం పడిపోతుంది. కాయ చూపునకు ఎర్రగానే ఉన్నా చప్పగా ఉంటుంది.

రెండవ నష్టం ఎండదెబ్బ. ఆకుల నీడ పోయిన కాయ మీద నేరుగా ఎండ పడి, ఆ వైపు తెల్లగా మాడి తోలువలె మారుతుంది. ఉష్ణోగ్రత 30-32 డిగ్రీల సెల్సియస్ దాటితే లైకోపీన్ తయారీ కుంటుపడుతుంది, పసుపు వర్ణకాలు మాత్రం ఏర్పడుతూనే ఉంటాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమ ప్రాంతంలో, పేరెన్నికగన్న మదనపల్లె విపణికి వచ్చే కాయలలో సైతం, పసుపు భుజాలు గల కాయలు కనబడడానికి ఒక కారణం ఇదే. కనుక సకాలంలో చల్లిన మందు ఆకును కాపాడి, తద్వారా కాయలోని తీపిని, ఎర్రదనాన్ని కాపాడుతుంది. తెగులు లేని తోటలో చల్లినచో ఈ లాభమేదీ ఉండదు.

నేరుగా కలిగే ప్రభావం

ట్రయజోల్ వర్గపు మందులు శిలీంధ్రం తన కణత్వచానికి అవసరమైన ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసుకొనకుండా అడ్డుపడతాయి. మొక్కలోని స్టెరాల్‌లు, జిబ్బరెల్లిన్లు, కెరోటినాయిడ్లు అన్నీ ఐసోప్రినాయిడ్ కుటుంబానికే చెందినవి కనుక ఈ మందులు మొక్కనూ కొంత తాకుతాయి. జిబ్బరెల్లిన్ తయారీ తగ్గి మొక్క పొట్టిగా, ఆకులు ముదురు పచ్చగా మారడం దీని ఫలితమే. అయితే మందు అడ్డుకొనే మెట్టు స్టెరాల్ మార్గంలో ఉన్నది, లైకోపీన్ మార్గంలో కాదు. అందుచే లైకోపీన్ నేరుగా నశిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. స్ట్రోబిలూరిన్ వర్గపు మందులు శిలీంధ్రపు శ్వాసక్రియను అడ్డుకుంటాయి. వీటిని చల్లిన మొక్కలలో ఆకు ముదిరి పండిపోవడం ఆలస్యమవుతుందని అనేక పంటలలో గమనించారు.

క్షేత్ర ప్రయోగాల ఫలితాలు ఒకేదారిలో లేవు. కొన్నింటిలో చక్కెరలు, విటమిన్ సి తగ్గాయి, కొన్నింటిలో ఫీనాలిక్ పదార్థాలు పెరిగాయి. మందును తట్టుకొనుటకు మొక్క రక్షక పదార్థాలను ఎక్కువగా తయారుచేయడం రెండవదానికి కారణం కావచ్చు. మోతాదు మించినపుడే నష్టం స్పష్టంగా కనబడుతుంది.

రాగి మందుల విషయం ప్రత్యేకం. రాగి అయాన్లు విటమిన్ సి ఆక్సీకరణను వేగవంతం చేస్తాయి. కాయ తొక్క మీద ఎండిన రాగి లోపలి విటమిన్‌ను చేరలేదు. కానీ కడగని కాయలను నలిపి రసం తీసినచో చేరగలదు. రాగి నేలలో నశించదు, ఏటేటా పేరుకుంటుంది. సేంద్రియ సేద్యంలో రాగి మందులను అనుమతిస్తారనే సంగతి వినియోగదారులలో చాలామందికి తెలియదు.

సేంద్రియ టమాటాలతో పోలిక

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వారు పదేళ్ళ టమాటా నమూనాలను పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం సేంద్రియ టమాటాలలో క్వెర్సెటిన్ 79 శాతం, కెంఫెరాల్ 97 శాతం అధికంగా ఉన్నాయి. దీనిని మందులకు వ్యతిరేక సాక్ష్యంగా తరచు చూపుతారు. కానీ ఆ పరిశోధకులు ఈ తేడాను మొక్కకు అందే నత్రజనికి ముడిపెట్టారు. నత్రజని విరివిగా దొరికిన మొక్క ఏపుగా పెరుగుటకు ప్రాధాన్యమిచ్చి, ఫ్లేవనాయిడ్లను తక్కువగా తయారుచేస్తుంది. అనగా ఇందులో దోషం యూరియా బస్తాది కావచ్చు, మందు డబ్బాది కానక్కరలేదు.

మందు చల్లనపుడు

బూజు పట్టిన కాయలలో ఆల్టర్నేరియా శిలీంధ్రం ఆల్టర్నరియాల్, టెన్యుయజోనిక్ ఆమ్లం వంటి విషాలను విడుదల చేస్తుంది. మచ్చ వరకు కోసివేసినా విషం ప్రక్క కండలోనికి ఊరి ఉండవచ్చు. బూజు వలన పులుపు తగ్గడం మరొక ప్రమాదం. పులుపు తగ్గిన రసం డబ్బాలలో హానికర బాక్టీరియా పెరుగుటకు వీలిస్తుంది. టమాటా రసం, కెచప్‌లలో బూజు పోగులను సూక్ష్మదర్శినితో లెక్కించే హోవర్డ్ పద్ధతి 1911 నాటిది.

అవశేషాలు, వంట

స్పర్శ మందుల అవశేషం తొక్క మీదనే ఉంటుంది కనుక ధారగా పడే నీటిలో రుద్ది కడిగితే చాలావరకు పోతుంది. అంతర్వాహిక మందులు కడిగినా పూర్తిగా పోవు. వాటికి చివరి పిచికారీకి, కోతకు మధ్య డబ్బాపై సూచించిన గడువు పాటించడమే మార్గం. రెండు మూడు రోజులకొకసారి కోతలు సాగే టమాటాలో ఈ గడువు పాటించడం రైతుకు కష్టం. ధర పలుకుతున్న రోజున పండిన కాయను చెట్టున వదలివేయడం అంత తేలిక కాదు. ఐరోపా సమాఖ్య క్లోరోథలోనిల్ అనుమతిని 2019లో, మాంకోజెబ్ అనుమతిని 2020లో పునరుద్ధరించలేదు. భారత ప్రభుత్వం 2020 మే నెలలో నిషేధించదలచి ప్రకటించిన 27 మందుల ముసాయిదాలో మాంకోజెబ్, కార్బెండజిమ్ కూడా ఉన్నాయి.

మాంకోజెబ్ అవశేషం వేడికి కొంతమేర ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. ఇది థైరాయిడ్ గ్రంథికి హానికరం. కాబట్టి కాయలను కడగవలసినది ఉడికించుటకు ముందే. తొక్క తీసివేస్తే అవశేషంతో పాటు లైకోపీన్, ఫ్లేవనాయిడ్లు కూడా పోతాయి. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగంలో టమాటాలను 88 డిగ్రీల వద్ద అరగంట వేడిచేయగా విటమిన్ సి 29 శాతం తగ్గింది, గ్రహించుటకు వీలైన లైకోపీన్ మాత్రం రెండు రెట్లకు పైగా పెరిగింది. లైకోపీన్ కొవ్వులో కరిగేది కనుక నూనెతో తాలింపు వేసిన పప్పు, పచ్చడి, పులుసులలో అది శరీరానికి బాగా అందుతుంది.