లేత మెదడుకు గంజాయి ఎందుకంత చేటు?

ఆ మధ్య ఓ సోమవారం మా ఓపీకి లాలాగూడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి రైల్వే ఉద్యోగి. పందొమ్మిదేళ్ల పెద్ద కొడుకు నాలుగు నెలలుగా కాలేజీకి వెళ్లటం లేదు. గదిలోంచి బయటికి రావటం లేదు. ఎదురింటివాళ్లు ఫోన్‌లోంచి తన మాటలు వింటున్నారంటాడు. ఒక్కడే ఉన్నప్పుడు ఎవరితోనో వాదులాడుతుంటాడు. ఇంట్లోవాళ్లు మొదట దిష్టి తీశారు. తర్వాత దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. పిల్లవాడు పదహారో ఏట నుంచే గంజాయి తాగుతున్నాడన్న సంగతి తండ్రికి మా దగ్గర కూర్చున్నప్పుడే తెలిసింది. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.

తల్లి అడిగింది: ‘‘గంజాయి తాగుడు వల్లనే ఇట్లయిందా డాక్టర్ గారూ?’’

తండ్రి ఫోన్ తీసి చూపించాడు: ‘‘అమెరికాల ఉండే మా బామ్మర్ది పంపిండు. ఇది కూడా గంజాయి మొక్క నుంచే తీసిన నూనెంట. ఎలుకలకు నయమైందంట. తెప్పియ్యమంటరా?’’

ఒకే మొక్క ఒకరికి రోగకారణంగా, ఇంకొకరికి మందుగా కనిపిస్తోంది. ఈ ప్రశ్నలు మీ ఇంట్లోనూ, మీ చుట్టాల ఇళ్లలోనూ వచ్చి ఉండొచ్చు. రెండింటికీ జవాబు వెతకాలంటే జంతువుల మీద జరిగిన పరిశోధనల నుంచే మొదలుపెట్టాలి. అవి ఏం చెప్పాయో, ఏం చెప్పలేవో రెండూ తెలిస్తేనే సరైన నిర్ణయం తీసుకోగలం.

కోతి మెదడులో ఏమీ కనిపించలేదు

గంజాయికీ పిచ్చికీ సంబంధం ఉందా అన్న సందేహం మన దేశంలో పాతదే. మన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మొదలైన 1893లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఈ విషయం తేల్చటానికి ఒక కమిషన్ వేసింది. 1892లో దేశంలోని పిచ్చాసుపత్రుల్లో చేరినవారిలో 222 మంది జబ్బుకు గంజాయి, భంగు, చరస్‌లే కారణమని రికార్డుల్లో రాసి ఉంది. కమిషన్ ఆ కేసుల్ని తిరిగి విచారిస్తే, చాలావాటికి సరైన ఆధారమే లేదని తేలింది. కలకత్తాలో కన్నింగ్‌హామ్ అనే వైద్యశాస్త్రవేత్త ఒక కోతిచేత నెలల తరబడి గంజాయి పొగ పీల్పించి, తర్వాత దాని మెదడును పరీక్షించారు. గంజాయి వల్ల అని చెప్పదగ్గ దెబ్బ ఏదీ కనిపించలేదు.

‘‘మరింకేం, గంజాయి మంచిదేగా’’ అనేవాళ్లు ఇప్పటికీ ఈ నివేదికను ఉదహరిస్తుంటారు. కానీ అప్పటి పరికరాలకు దొరికేది మెదడులోని గాయం, వాపు, కణాలు చచ్చిపోవటం వంటివే. గంజాయి చేసే చేటు అలాంటిది కాదు. అది కణాల మధ్య జరిగే సంభాషణను చెడగొడుతుంది. ఆ సంగతి తెలియటానికి మరో వందేళ్లు పట్టింది.

పంది మెదడులో దొరికిన ‘ఆనందం’

1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావొనీ గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఇది మెదడులో ఎక్కడ పనిచేస్తుందో 1988లో ఎలుక మెదడు చెప్పింది. నాడీకణాల మీద దీనికి సరిపోయే గ్రాహకాలు, అంటే తాళంచెవి పట్టే తాళాల్లాంటివి ఉన్నాయి. వీటిని సీబీ-1 గ్రాహకాలంటారు. మొక్కలో ఉండే చెవికి మన మెదడులో తాళం ఎందుకుంది? మెదడు సొంతంగా తయారుచేసుకునే చెవి ఒకటి ఉండాలి కదా! 1992లో పంది మెదడు నుంచి దాన్ని పట్టుకున్నారు. సంస్కృతంలోని ఆనందం అన్న మాట మీదుగా దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు.

దాని పని ఏమిటంటే, ఒక కణం పక్క కణానికి సంకేతాలు అతిగా పంపిస్తుంటే, అందుకునే కణం ‘ఇక చాలు’ అని వెనక్కి కబురు పంపుతుంది. అది కూడా అవసరమైన చోట, అవసరమైనంతసేపే. గంజాయి తాగినప్పుడు టీహెచ్‌సీ మెదడంతా పరుచుకుని, ఒకేసారి అన్ని తాళాలనూ గంటల తరబడి తిప్పి ఉంచుతుంది.

టీనేజీలో ఇది మరింత ప్రమాదం. ఆ వయసులో మెదడు, మల్లెచెట్టుకు కొమ్మలు కత్తిరించినట్టు, అక్కర్లేని కణ బంధాలను తీసేసి కావాల్సినవాటిని గట్టిపరుస్తుంటుంది. మంచిచెడ్డలు ఆలోచించే ముందుభాగంలో ఈ పని సుమారు పాతికేళ్ల దాకా సాగుతుంది. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ ఆపాలో చెప్పే వ్యవస్థల్లో ఈ సీబీ-1 కూడా ఒకటి.

అదే మందు, వేరే వయసు

ఈ ఊహ నిజమా కాదా అన్నది మన పిల్లల మీద పరీక్షించలేం. ఎలుకల మీద చేయొచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగాల కోసం ఎలుకల్ని పెంచుతోందని మన ప్రాంతంవాళ్లకు తెలిసే ఉంటుంది. ఎలుక మెదడు చిన్నదే అయినా ఈ గ్రాహకాలు, డోపమైన్ మార్గాలు అందులోనూ ఉన్నాయి. పైగా దాని టీనేజీ కొన్ని వారాల్లో ముగుస్తుంది.

2003లో జర్మనీ శాస్త్రవేత్తలు ష్నైడర్, కోఖ్ ఒక ప్రయోగం ప్రచురించారు. సీబీ-1 మీద పనిచేసే ఒక కృత్రిమ మందును కొన్ని ఎలుకలకు 40వ రోజు నుంచి 65వ రోజు వరకు, అంటే వాటి టీనేజీలో ఇచ్చారు. అదే మందును మరికొన్నింటికి పెద్దయ్యాక ఇచ్చారు. మందు ఆపేశాక పరీక్షించారు.

ఆ పరీక్షల్లో ముఖ్యమైనది ఉలికిపాటు పరీక్ష. లాలాగూడలో పుట్టిపెరిగినవాళ్లకు రాత్రి రైళ్ల చప్పుడు పట్టదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు మాత్రం నిద్ర రాదు. అక్కర్లేనిదాన్ని వడకట్టే పని మెదడు ఎన్నో రకాలుగా చేస్తుంది. అందులో ఒకదాన్ని కొలవొచ్చు. పెద్ద శబ్దానికి ఒక్క క్షణం ముందు చిన్న చప్పుడు వినిపిస్తే మనిషైనా, ఎలుకైనా తక్కువ ఉలిక్కిపడతారు. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో ఈ వడపోత బలహీనంగా ఉంటుంది. టీనేజీలో మందు పడిన ఎలుకల్లోనూ అది దెబ్బతింది. జ్ఞాపకశక్తి కూడా తగ్గింది. పెద్దయ్యాక అదే మందు తీసుకున్నవాటిలో ఈ మార్పు నిలవలేదు. స్కిజోఫ్రీనియాకు మేం వాడే హాలోపెరిడాల్ ఇస్తే ఎలుకల్లో ఆ వడపోత తాత్కాలికంగా సర్దుకుంది.

తర్వాత కెనడాలో టీహెచ్‌సీతోనే చేసిన ప్రయోగాల్లో, టీనేజీలో మత్తు పడిన ఎలుకలకు పెద్దయ్యాక డోపమైన్ కణాలు అతిగా పనిచేయటం గమనించారు. స్కిజోఫ్రీనియా మందుల్లో ఎక్కువ భాగం అదుపుచేసేది ఆ డోపమైన్ ప్రభావాన్నే. 2019లో న్యూయార్క్‌లో యాస్మిన్ హర్డ్ బృందం, అలాంటి ఎలుకల మెదడు ముందుభాగంలో కణాల కొమ్మలు వేళకు ముందే కత్తిరించుకుపోయాయని చూపించింది.

ఎలుక చెప్పలేనివి

ఎలుకకు చెవిలో మాటలు వినిపించవు. పక్కింటి ఎలుక మీద అనుమానం రాదు. కాబట్టి ‘ఎలుకకు స్కిజోఫ్రీనియా వచ్చింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. జబ్బులోని ఒకటి రెండు ముక్కల్ని మాత్రమే ఎలుకలో చూడగలం. పైగా ప్రయోగాల్లో ఇచ్చేది ఇంజెక్షన్, మన పిల్లలు పీల్చేది పొగ.

అందుకే మనుషుల లెక్కలతో సరిచూడాలి. స్వీడన్‌లో సైన్యంలో చేరటానికి వచ్చిన 45,570 మంది యువకుల్ని 15 ఏళ్లపాటు గమనించి 1987లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. 2019లో వెలువడిన యూరప్ అధ్యయనంలో, టీహెచ్‌సీ ఎక్కువగా ఉండే రకాన్ని రోజూ తాగేవారికి సైకోసిస్ ముప్పు దాదాపు ఐదు రెట్లుంది.

అయినా గంజాయి తాగిన ప్రతివారికీ స్కిజోఫ్రీనియా రాదు. స్కిజోఫ్రీనియా ఉన్న ప్రతివారూ గంజాయి తాగినవారు కాదు. వంశంలో ఉండే తీరు, పుట్టుక సమయంలో ఇబ్బందులు, బాల్యంలో తగిలిన దెబ్బలు కూడా కలుస్తాయి. ఆ తల్లికి నేను చెప్పింది ఇదే: ‘‘గంజాయి ఒక్కటే కారణం అని చెప్పలేనమ్మా. కానీ జారే చోట నిలబడ్డ పిల్లవాణ్ని అది వెనక నుంచి నెట్టి ఉండొచ్చు. ఇందులో మీ పెంపకం తప్పు లేదు.’’

మరి ఆ నూనె సంగతి?

బామ్మర్ది పంపింది సీబీడీ నూనె. గంజాయి మొక్కలోనే ఉండే సీబీడీ మత్తు ఇవ్వదు. ఎలుకల్లో అది మంచి ఫలితాలే చూపించింది. మనుషుల విషయానికి వస్తే 2018లో రెండు ట్రయల్స్ వెలువడ్డాయి. ఒకదానిలో 88 మందికి మామూలు మందులతోపాటు రోజుకు 1,000 మిల్లీగ్రాముల సీబీడీనో, ఉత్తుత్తి మందునో ఇచ్చారు. సీబీడీ తీసుకున్నవారిలో ఆరు వారాలకు కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చిన రెండోదానిలో, ఉత్తుత్తి మందుకంటే ప్రయోజనమేమీ లేదు. అంటే మాట ఇంకా తేలలేదు. ఈ ట్రయల్స్‌లో ఎవరూ అసలు మందు ఆపి దీన్ని వాడలేదన్నది గుర్తుంచుకోండి.

అదే 2018లో అమెరికాలో సీబీడీకి మందుగా అనుమతి వచ్చింది. కానీ అది పిల్లల్లో వచ్చే రెండు తీవ్రమైన మూర్ఛ జబ్బులకు. డాక్టర్ల పర్యవేక్షణలోనే వాడాలి. అది కాలేయం మీద ప్రభావం చూపొచ్చు, కొన్ని మందుల స్థాయిని రక్తంలో పెంచొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న సీసాలో సీబీడీ ఎంతుందో, టీహెచ్‌సీ కలిసిందో లేదో మీకు తెలియదు.

ఎలుకల మీద పనిచేసిందన్న మాటకు మురిసిపోకూడదని చెప్పే పాఠం ఇంకొకటుంది. సీబీ-1కు అడ్డుపడే రిమోనబాంట్ అనే మందు జంతువుల్లో ఎంతో ఆశ రేపింది. స్కిజోఫ్రీనియా రోగులకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందుకంటే మెరుగ్గా పనిచేయలేదు. స్థూలకాయానికి 2006లో యూరప్‌లో అనుమతి పొందినా, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరగటంతో 2008లో అక్కడ అమ్మకాలు ఆపేశారు. మన దేశంలో 2009లో నిషేధించారు.

మీ ఇంట్లో ఏం చేయాలి?

- పన్నెండు, పదమూడేళ్లకే గంజాయి గురించి మాట్లాడండి. ‘పరువు పోతుంది’ అనటంకంటే ‘నీ మెదడు ఇంకా తయారవుతోంది’ అంటే పిల్లలు వింటారు.
- వంశంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే పిల్లలకు ఆ సంగతి దాచకండి. వారికి గంజాయి అసలు పనికిరాదు.
- రాత్రి పగలు తలకిందులు కావటం, స్నేహితులకు దూరం కావటం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవటం, అనుమానాలు, ఒంటరిగా మాట్లాడుకోవటం కనిపిస్తే నెలలు ఆగకండి. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవటం అంత కష్టం.
- గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో చికిత్స దొరుకుతుంది. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.
- పోలీసు కేసు అవుతుందని భయపడి దాచకండి. తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో మత్తు మాన్పించే చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64-ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.
- కాస్త నయం కాగానే మందులు ఆపకండి. నూనెలు, చుక్కలు ఏవి మొదలుపెట్టాలన్నా ముందు డాక్టరును అడగండి.

ఆ కుటుంబాన్ని సైకియాట్రీ సహోద్యోగి దగ్గరకు పంపాను. పిల్లవాడు ఇప్పుడు నెలనెలా వచ్చి మందులు తీసుకెళుతున్నాడు. మాటలు వినిపించటం తగ్గింది. చదువు ఇంకా మొదలుకాలేదు. నూనె తెప్పించలేదు.

నిజానికి ఆ రోజు నేను ఎక్కువసేపు మాట్లాడింది అతని గురించి కాదు. వాళ్లకు పద్నాలుగేళ్ల రెండో కొడుకున్నాడు. సొంత అన్నకు స్కిజోఫ్రీనియా ఉంటే తమ్ముడికి వచ్చే ముప్పు మామూలువారికంటే సుమారు పది రెట్లు. పదిమందిలో తొమ్మిదిమందికి రాదు కూడా. వంశాన్ని మనం మార్చలేం, గంజాయిని ఆపగలం. పోయిన నెల తండ్రి ఆ చిన్నవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ‘‘అన్నకు ఎందుకిట్లయిందో మీరే చెప్పండి డాక్టర్ గారూ, నేను చెప్తే వింటలేడు’’ అన్నాడు. కాగితం మీద మెదడు బొమ్మ గీసి, ఎలుకల సంగతి మొత్తం చెప్పాను. వాడు వెళుతూ ఆ కాగితం అడిగి తీసుకెళ్లాడు.