ఫ్యాబ్ మాటిచ్చింది, కరెంటు మాటేమిటి?

తైవాన్ దీవి మొత్తం వాడే కరెంటులో దాదాపు 8 శాతం ఒక్క కంపెనీకే పోతుంది. దాని పేరు టీఎస్‌ఎంసీ. 1987లో మోరిస్ చాంగ్ సించూలో పెట్టిన ఈ సంస్థ సొంత పేరుతో ఒక్క ఫోనూ అమ్మదు. ఆపిల్, ఎన్‌విడియా, ఏఎండీ లాంటివాళ్లు డిజైన్ ఇస్తే చిప్‌లు తయారుచేసి పెడుతుంది. ఏఎండీ, క్వాల్‌కామ్‌ల హైదరాబాద్ ఆఫీసుల్లో మనవాళ్లు డిజైన్‌లో చేయి వేసిన చిప్‌లు చాలా వరకు రూపు కట్టేదీ అక్కడి ఫ్యాక్టరీల్లోనే. ఆ ఫ్యాక్టరీలను ఫ్యాబ్‌లంటారు.

2050 నాటికి నెట్ జీరో సాధిస్తామని 2021 సెప్టెంబరులో ఈ కంపెనీ ప్రకటించింది. అంటే గాల్లోకి వదిలే కర్బనాన్ని వీలైనంత తగ్గించుకుని, తగ్గించలేని కొద్దిపాటికి సమానంగా గాల్లోంచి తొలగించాలి. ఈలోగా 2025 తర్వాత ఉద్గారాలు పెరగనివ్వమనీ, 2030కల్లా వాటిని 2020 నాటి స్థాయికి దించుతామనీ చెప్పింది. వినడానికి బాగానే ఉంది. అయితే ఇందులో కంపెనీ చేతిలో ఉన్నదెంత?

చేతిలో ఉన్నది ముఖ్యంగా వాయువుల సంగతి. వేఫర్ అనే పలుచని సిలికాన్ బిళ్ల మీద కంటికి ఆనని గీతలు చెక్కడానికి కార్బన్ టెట్రాఫ్లోరైడ్ లాంటి వాయువులు కావాలి. పనయ్యాక యంత్రం లోపల పేరుకున్న పూతను వదిలించడానికి నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ వాడతారు. మొదటిది ఒక కిలో గాల్లో కలిసిందంటే, నూరేళ్ల లెక్కన సుమారు 7 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రెండోది ఒక కిలో అయితే 16 టన్నులకు పైనే. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ గాల్లో 50,000 ఏళ్లు నిలిచి ఉంటుంది. మనిషి సేద్యం నేర్చి పన్నెండు వేల ఏళ్లు దాటిందేమో, అంతే!

ఈ విషయంలో చిప్ పరిశ్రమను మెచ్చుకోవాలి. ఇలాంటి వాయువుల ఉద్గారాలను 2010 నాటికి 1995 స్థాయి కన్నా 10 శాతం తగ్గిస్తామని 1999లో ప్రపంచ సెమీకండక్టర్ మండలి తీర్మానించింది. గడువు వచ్చేసరికి తగ్గుదల 32 శాతం. యంత్రం నుంచి బయటికొచ్చే వాయువును అక్కడికక్కడే అధిక వేడి దగ్గర కాల్చి, నీటితో కడిగి వదిలారు. వీలున్నచోట తక్కువ చేటు చేసే వాయువులకు మారారు. ఇంజినీర్ల చేతిలో ఉన్న పని కాబట్టి ఇంజినీర్లు చేసి చూపించారు.

కరెంటు అలా కాదు. ఫ్యాబ్‌లో ధూళి లేని గాలి రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి. నీటిని మలినం అన్నది లేనంతగా శుద్ధి చేయాలి. అన్నిటికీ మించి, నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ తయారుచేసే ఈయూవీ యంత్రాలున్నాయి. కరిగించిన తగరపు బిందువులను సెకనుకు 50,000 సార్లు లేజర్‌తో కొట్టి అతి సూక్ష్మ గీతలకు కావలసిన కాంతిని పుట్టిస్తాయి. ఆ కాంతిలో చాలా భాగాన్ని దాన్ని మళ్లించే అద్దాలే పీల్చేసుకుంటాయి. ఒక్కో యంత్రం దాదాపు ఒక మెగావాట్ లాగుతుంది. చిప్ ఎంత కొత్తదైతే యంత్రాల ఆకలి అంత ఎక్కువ.

ఈ కరెంటు వచ్చేదెక్కడి నుంచి? తైవాన్ విద్యుత్తులో 80 శాతం పైగా బొగ్గు, గ్యాస్‌లదే. ఆ ఇంధనం ఓడల్లో దిగాలి. చివరి అణు రియాక్టర్‌ను 2025 మే నెలలో ఆపేశారు. ఇక మిగిలిన పెద్ద ఆశ తైవాన్ జలసంధిలో వీచే గాలి. 2020 జులైలో టీఎస్‌ఎంసీ డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్‌తో 920 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్తుకు 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఒక కంపెనీ చేసుకున్న హరిత విద్యుత్ ఒప్పందాల్లో ప్రపంచంలో అప్పటికి అదే అతి పెద్దది. అదే నెలలో ఆర్‌ఈ100 కూటమిలో చేరి, 2050కి పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తుకు మారతామంది. 2023లో ఆ గడువును 2040కి ముందుకు జరిపింది. 2030కి 60 శాతం అని మధ్యలో మరో మెట్టు పెట్టుకుంది. 2022లో కంపెనీ వాడిన కరెంటులో పునరుత్పాదక వాటా పదో వంతు దగ్గరే ఉంది. ఎక్కాల్సిన మెట్లు చాలా ఉన్నాయన్నమాట.

ఈ తొందర వెనక కొనుగోలుదారుల ఒత్తిడి కూడా ఉందనుకోవాలి. తన సరఫరాదారులతో సహా 2030కి కర్బన తటస్థం అవుతానని ఆపిల్ ప్రకటించింది కూడా ఆ 2020 జులైలోనే. ఆపిల్ చిప్‌ను తయారుచేయడానికి కాలే బొగ్గు ఆపిల్ ఖాతాలోకీ వస్తుంది మరి. కాలిఫోర్నియాలో ఇచ్చిన మాటను తైవాన్‌లో నిలబెట్టాలి.

ఇలాంటి కంపెనీల నివేదికలు చదివేవాళ్లు ఒకటి గమనించాలి. ‘ఒక్కో వేఫర్‌కు ఇంత తగ్గించాం’ అనే అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ ఏఐ గిరాకీతో వేఫర్ల సంఖ్యే పెరుగుతుంటే మొత్తం ఉద్గారాలు తగ్గవు. వాతావరణానికి లెక్క మొత్తం టన్నుల్లోనే.

మనకూ ఇది దూరపు కబురేం కాదు. టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కే చెందిన పవర్‌చిప్ కలిసి గుజరాత్‌లోని ధొలేరాలో నిర్మిస్తున్న ఫ్యాబ్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు కరెంటే. ఎన్ని వేల కోట్ల పెట్టుబడి, ఎన్ని ఉద్యోగాలు అని అడిగే నోటితోనే, అందులో ఏ కరెంటు వాడతారో కూడా ఇప్పుడే అడగాలి.