పాత జీపుతో దూరప్రయాణము: కొనుటకు ముందు చూడవలసినవి

హిమాచల్ ప్రదేశ్‌లో తాండి అను చిన్న ఊరు కలదు. చంద్ర, భాగ అను రెండు నదులు అచ్చట కలిసి చీనాబు నది అగుచున్నవి. అక్కడి పెట్రోలు బంకు వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున ఉన్నదని తెలుపు బోర్డు ఒకటి చాలాకాలము నిలిచియుండెను. మనాలి నుండి లేహ్ పోవు ప్రయాణికులు అచ్చట ఆగి దాని ప్రక్కన ఫొటో తీయించుకొనెడివారు. ఫొటో వేడుకకే గాని, ఆ సంఖ్యకు అర్థము వేడుక కాదు. అచ్చటి నుండి దారి బారాలాచా (సుమారు 4,890 మీటర్లు), లాచుంగ్ లా (5,000 మీటర్లకు పైన), తంగ్లంగ్ లా (5,328 మీటర్లు) అను కనుమలను ఎక్కి దిగును. ఆ మధ్య బండి చెడిపోయినచో గాలి పలుచగానున్న ఎడారిలో, వేసవియందు సైతము నీరు గడ్డకట్టు రాత్రిని గడపవలసి వచ్చును.

శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోవు 44వ జాతీయ రహదారి మన ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగానే పోవుచున్నది. హైదరాబాదు నుండి లేహ్‌కు రమారమి 2,500 కిలోమీటర్లు. ప్రతి వేసవియందు మన పట్టణములనుండి ఎందరో ఈ ప్రయాణమునకు సిద్ధపడుచున్నారు. కొత్త బండి కొనుటకు చాలినంత సొమ్ము అందరివద్ద ఉండదు గనుక, పాత జీపుకొరకు వెదకుట సహజము. అటువంటి బండిలో ఏమి చూడవలెను? రంగు, టైర్ల వెడల్పు, ముందుకు పొడుచుకొనివచ్చిన ఇనుప బంపరు చూచి మోసపోవుట చాల సులభము.

పాతది అన్నంతమాత్రమున పనికిరానిది కాదు. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు రెండు ల్యాండ్ రోవరు బండ్లలో లండను నుండి బయలుదేరి, 1956 మార్చిలో సింగపూరు చేరిరి. వానిలో ఒకదానిని ఆరు దశాబ్దముల తరువాత బాగుచేయించి, 2019లో సింగపూరు నుండి లండనుకు రోడ్డుమార్గముననే నడిపిరి. దాని శరీరము అల్యూమినియం మిశ్రలోహముతో చేయబడినది గనుక అంతగా తుప్పుపట్టదు; చట్రము మాత్రము ఉక్కే. బండి ఆయుర్దాయము మొత్తము ఈ చట్రముపైననే ఆధారపడియుండునన్న మాటను ముందుముందు మరల చెప్పవలసి వచ్చును.

మన దేశమున 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభమైనది. 1985లో మారుతి జిప్సీ, 2000లో బొలేరో, 2010లో థార్ వచ్చినవి. 2020లో థార్ పూర్తిగా కొత్త రూపము దాల్చినది. జిప్సీని సామాన్యులకు అమ్ముట 2019 నాటికి నిలిచిపోయినది. ఇప్పుడు పాతబండ్ల బజారులో ఎక్కువగా దొరకునవి ఇవియే.

మొట్టమొదట మనలను మనమే ప్రశ్నించుకొనవలసినది, నాలుగు చక్రములకును బలము అవసరమా అని. లేహ్ దారి నేడు చాలభాగము తారురోడ్డే. ఆ దారి విడువక పోవువారికి, నేలనుండి తగినంత ఎత్తుగల బొలేరో వంటి బండి, వెనుక చక్రములకు మాత్రమే బలమున్నదైనను, సాధారణముగా చాలును. చిక్కు వచ్చునది వాగులయొద్ద. హిమానీనదములు పగటి ఎండకు కరగుటచేత ఉదయము చీలమండలోతు ఉన్న వాగు సాయంకాలమునకు మోకాటిలోతు అగును. నుబ్రా లోయయందలి ఇసుకలోను, వర్షము వెలిసిన బురదలోను గూడ రెండు చక్రముల బండి ఊరక తిరిగి గోయి త్రవ్వుకొనును.

నాలుగు చక్రముల జీపులో గేరుపెట్టెకు వెనుక మరియొక చిన్న గేరుపెట్టె ఉండును. దీనినే మెకానిక్కులు ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. ఇది ముందు ఇరుసుకు గూడ బలమును పంచుటయేగాక, 'లో' అను స్థానమున చక్రముల వేగమును తగ్గించి త్రిప్పుబలమును పెంచును. విల్లీస్ జీపులో ఈ హెచ్చింపు దాదాపు రెండురెట్లు. పాతబండిలో ఈ భాగము ఏండ్లతరబడి వాడకమునకు రాక బిగుసుకొని పోవుట కద్దు. కావున అమ్మువాని మాట నమ్మక, మెత్తని మట్టినేలపై బండిని ఆపి, లివరును 'లో' స్థానమునకు వేయించి చూడవలెను. ఒక జాకీతో ముందు చక్రమును లేపి, అది నిజముగా తిరుగుచున్నదో లేదో గమనింపవచ్చును. ఈ పరీక్షను ఎండిన తారురోడ్డుపై చేయరాదు. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము నడచును. రెండు ఇరుసులు ఒకదానికొకటి బిగింపబడియున్నప్పుడు ఆ తేడా తీరుటకు దారిలేక గేర్లు మెలిపెట్టుకొనును. మట్టిలోనైతే చక్రము కొద్దిగా జారి ఆ బిగువును విడిపించును.

ఇరుసులలోని నూనెను కొంచెము తీయించి చూచుట మరువరాదు. అది మజ్జిగవలె తెల్లబడియున్నచో, బండి ఎప్పుడో లోతునీటిలో మునిగినదనియు, నీరు లోనికి చేరినదనియు గ్రహింపవలెను. అటువంటి బండిని వదలుట మేలు.

ఇక ఇంజను. 5,300 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున ఉన్నదానిలో సుమారు 58 శాతము మాత్రమే. మనవలెనే ఇంజను గూడ ఆమ్లజనిని పీల్చియే పనిచేయును. 80 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను అచ్చట రమారమి 46 అశ్వశక్తికి పడిపోవును. పాత కార్బురేటరు బండ్లలో దీనికితోడు వేరొక బాధ కలదు. గాలి పలుచబడినంతగా పెట్రోలు తగ్గదు. గాలి బరువు సాంద్రతననుసరించి తగ్గగా, పెట్రోలు సాంద్రతయొక్క వర్గమూలము ననుసరించి తగ్గును. లెక్కించినచో మిశ్రమములో పెట్రోలుపాలు దాదాపు 30 శాతము మించును. నల్లని పొగ, నిలిచి నిలిచి నడచుట, పెట్రోలు వృథా దీని ఫలితములు. పెట్రోలును చిమ్మి పంపు నూతన పద్ధతి గల ఇంజను (జిప్సీలో ఇది 2000 ప్రాంతమున వచ్చినది) గాలిని కొలుచుకొని తగినంతయే పోయును. టర్బో గల డీజిలు ఇంజను గాలిని బలవంతముగా లోనికి నెట్టుకొనును గనుక ఎత్తున అంత నీరసపడదు.

అట్లయిన కొత్త పద్ధతియే మేలని తీర్మానింపవచ్చునా? తొందరపడరాదు. కార్బురేటరును ఒక స్క్రూడ్రైవరుతో కేలాంగులోని మెకానిక్కు సరిచేయగలడు. 2020 ఏప్రిలు తరువాత వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండిలో ఒక సెన్సారు పాడైనచో, కంప్యూటరు యంత్రము తగిలించినగాని తప్పెక్కడనో తెలియదు. నా అభిప్రాయములో మధ్యకాలపు బండ్లే, అనగా ఇంధనమును చిమ్ము పద్ధతి ఉండి, పొగను శుభ్రపరచు చిక్కు పరికరములు చేరకముందు తయారైనవే, ఈ ప్రయాణమునకు అనుకూలము.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే పరీక్షించుట మంచిది. మీరు పోవుసరికే వేడిగానున్నచో, ముందే నడిపి ఉంచిరని అనుమానింపవలెను. నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. విడువని తెల్లపొగ రేడియేటరు నీరు సిలిండరులోనికి పోవుటకు గుర్తు. నడుచుచున్న ఇంజనుపై నూనెమూత తీసినపుడు గుప్పుగుప్పున ఆవిరి కొట్టినచో పిస్టను రింగులు అరిగినట్లే.

రేడియేటరుమూతను ఎవరును లెక్కచేయరు. 5,000 మీటర్లపైన నీరు 83 డిగ్రీలకే మరుగును. మూత లోపలి పీడనమును నిలుపుటవలననే మరుగుస్థానము నూరు డిగ్రీలను దాటుచున్నది. మూతలోని రబ్బరు చీలినచో, మైదానములో ఏ బాధయు కనబడని బండి కనుమపై పొంగిపోవును. కొత్త మూత ఖరీదు బండి ఖరీదులో లెక్కకు రానిది. నీటిలో గ్లైకాలు కలుపుట గూడ అవసరము. ఒట్టినీరు రాత్రి గడ్డకట్టి, వ్యాకోచించి, ఇంజనునే పగులగొట్టును.

చట్రమును గురించి నా మిత్రునికి జరిగినది చెప్పెదను. ఆయన సముద్రతీరపు పట్టణమొకదానిలో ఒక జీపును చూచి ముచ్చటపడి కొనెను. క్రిందిభాగమంతయు నిగనిగలాడు నల్లరంగు. "చూడండి సార్, ఎంత శుభ్రంగా ఉందో" అని అమ్మినవాడు మురిసెను. కేలాంగు దాటిన మరునాడు, గతుకులలో బండి ఒక ప్రక్కకు లాగసాగెను. దిగి చూడగా, ముందరి కమాను పట్టీలు తగిలించు చోట చట్రము బెత్తెడు మేర చీలియున్నది. నల్లరంగు క్రింద ఉన్నది ఇనుము కాదు, తుప్పుపొరలు. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు ఒక లారీలో వెనుకకు వచ్చిరి. ఆ చీలిక లోయ ప్రక్కన మలుపులో తెగియున్నచో ఏమి జరిగెడిదో ఆయన నేటికిని మాటలాడడు.

సముద్రపుగాలిలోని ఉప్పు తుప్పును వేగిరపరచును. కావున విశాఖ, కాకినాడ వంటి చోట్ల తిరిగిన బండికి ఈ పరీక్ష మరింత ముఖ్యము. చిన్న సుత్తితో చట్రమును పొడవునా తట్టిచూడవలెను. మంచి ఉక్కు ఖంగుమనును, తిన్న ఉక్కు బొద్దుగా పలుకును. కమాను తగులుచోట్లు, స్టీరింగు పెట్టె బిగించిన చోటు, అడ్డదూలముల అతుకులు ముఖ్యస్థానములు. క్రొత్తగా వేసిన రంగుచూచి సంతోషింపక సందేహింపవలెను. తలుపులపైన, బానెట్టుపైన ఒక చిన్న అయస్కాంతమును జరుపుచు పోయినచో, పుట్టి మందముగా పూసినచోట అది అంటుకొనదు.

బ్రేకులకు పడు శ్రమను ఊహించుటకు ఒక లెక్క. 1,200 కిలోల బండి 1,000 మీటర్లు దిగినపుడు వెలువడు శక్తితో సుమారు 35 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి మరుగువరకు కాచవచ్చును. తంగ్లంగ్ లా నుండి సింధునది ఒడ్డునకు దిగునది దీనికి దాదాపు రెండింతలు. ఈ వేడినంతటిని బ్రేకులకే వదలక, చిన్నగేరులో ఇంజనుచేతనే బండిని నిలువరింపవలెను. బ్రేకునూనె గాలినుండి తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 రకపు కొత్తనూనె 230 డిగ్రీలవరకైనను మరుగదు గాని, తేమ చేరినపిదప 155 డిగ్రీల ప్రాంతముననే మరుగవచ్చును. మరిగినచో గొట్టములో ఆవిరి చేరి, పెడలు అడుగుకు దిగిపోవును. పాతబండి కొన్నవెంటనే ఈ నూనెను పూర్తిగా మార్చవలెను.

టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య ఉండును. 2319 అనినచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు లోతుగానున్నను, రబ్బరు ముదిరిన టైరు పనికిరాదు.

కొన్నతరువాత అందరు చేయు తప్పు పైకప్పుపై సామాను. చక్రముల మధ్య ఎడము 130 సెంటీమీటర్లు, గురుత్వకేంద్రము 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నవనుకొనుడు. 1,100 కిలోల అట్టి బండి లెక్కప్రకారము 45 డిగ్రీలు ఒరిగినగాని పడదు. రెండు మీటర్ల ఎత్తున నూరుకిలోలు కట్టినచో గురుత్వకేంద్రము 76 సెంటీమీటర్లకు లేచి, ఆ హద్దు సుమారు 40 డిగ్రీలకు దిగును. కమాను పట్టీల ఊపును లెక్కించినచో ఇంకను తక్కువ. పెట్రోలు డబ్బాలను పైననే కట్టుట మరీ చెడ్డ అలవాటు; బండిలోపల మనుష్యులతో పెట్టుట అంతకంటె ప్రమాదము. 40 లీటర్ల ట్యాంకు గల జిప్సీ కొండలలో లీటరుకు 8 కిలోమీటర్లు నడచినచో, 365 కిలోమీటర్లకు 46 లీటర్లు కావలెను. అనగా అదనముగా కావలసినది చేతిలోని ఒక డబ్బాయే, దానిని వెనుక తలుపునకు బయట బిగింపవచ్చును.

కాగితముల విషయము క్లుప్తముగా. ఇంజను, చాసిస్ సంఖ్యలు ఆర్.సి. పుస్తకముతో సరిపోలవలెను. మిలిటరీ వేలములనుండి వచ్చిన జీపులలో వేరొక ఇంజను అమర్చియుండుట సామాన్యము. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము అనుమతిలేని మార్పు చెల్లదు. దారిలో పట్టుబడినను, ప్రమాదము జరిగి బీమా కోరినను ఇది అడ్డువచ్చును. పొరుగురాష్ట్రపు బండియైనచో అచ్చటి రవాణాకార్యాలయపు నిరభ్యంతర పత్రము లేనిదే సొమ్ము చెల్లింపరాదు. పదిహేనేండ్లు నిండిన బండి రిజిస్ట్రేషను పొడిగింపబడినదో లేదో చూడవలెను.

ఇవన్నియు ముగిసినపిదప, లేహ్ ప్రయాణమునకు కనీసము రెండునెలలు ముందుగా, పూర్తి సామానుతో, ఇంటిల్లిపాదితో ఒకసారి శ్రీశైలము పోయి రండు. హైదరాబాదు నుండి సుమారు 215 కిలోమీటర్లు. దోమలపెంట దాటి కృష్ణానదికి దిగు ఘాటులో బ్రేకులు, ఎక్కునప్పుడు రేడియేటరు, మలుపులలో కమానులు తమ గుణము చెప్పును. రాత్రివేళ ఆ అడవిదారి మూసియుందురు గనుక తెల్లవారినపిదపనే బయలుదేరవలెను. తిరిగివచ్చిన మరునాటి ఉదయము బండి నిలిపిన చోట నేలపై పాతకాగితములు పరచి, ఏ భాగముక్రింద ఏ రంగు చుక్క పడినదో గుర్తించి, ఆ కాగితముతోనే మెకానిక్కు వద్దకు పోవలెను.